మెట్ల వీధి మిగులు నిమిషాలు

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిదో సంవత్సరం ఆగస్టు ఏడో తేదీ సోమవారం నాడు నీటి సరఫరా కార్యాలయంలో టైపిస్టుగా అడుగుపెట్టిన మన సహోద్యోగిని, కంప్యూటర్ విభాగపు పూర్వ బాధ్యురాలు, ప్రస్తుతం తపాలు విభాగంలో సీనియర్ సహాయకురాలు, ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. పూర్వం, ప్రస్తుతం అనే ఆ రెండు మాటల మధ్య దూరం మన కార్యాలయంలో ఒక వరండా. ఆ వరండాను ఆమె ఎందుకు దాటవలసి వచ్చిందో చెప్పకుండా ఆమెను అభినందించడం సాధ్యం కాదు. మంచి మాటలు రాయమని ఈ అభినందన సంచిక సంపాదకవర్గం వారు కోరారు. నిజమైన మాటలు వద్దని ఎవరూ అనలేదు.

చేరిన రోజున ఆమెకు చూపించిన గది పంపు మోటారు గోడకు ఆనుకుని ఉండేది. మోటారు తిరగడం మొదలైతే టైపు మిషను బల్ల మీద తనంతట తానే జరిగేది. మిషను కాళ్ల కింద పాత సైకిలు ట్యూబు ముక్కలు కోసి పెట్టి, ఆమె దానిని కదలకుండా చేశారు. అప్పటి హెడ్ క్లర్కు గుమ్మంలో నిలబడి, "ఏమ్మా, ఈ చప్పుడుకి వారంలో పారిపోవు కదా?" అని అడిగారట.

"చప్పుడు ఆగితే పారిపోవాలండీ. నీళ్లు రావట్లేదని జనం వస్తారు," అన్నారు ఆమె.

మొదటి రోజునే ఎదురు చెప్పిందని పేరు వచ్చింది. ఆ పేరు చివరిదాకా నిలిచింది. ఆమెకు సౌమ్యురాలని, మితభాషిణి అని బిరుదులు తగిలిస్తే ఇంటివాళ్లే నవ్వుతారు కనుక ఆ ప్రయత్నం ఇక్కడ జరగడం లేదు.

కార్యాలయానికి తొలి కంప్యూటరు వచ్చినప్పుడు దాని మీద ప్లాస్టిక్ ముసుగు ఆరు నెలలు తీయలేదు. శిక్షణకు ఎవరినైనా పంపమని పైనుంచి ఉత్తరువు వస్తే, ఒకరికి నడుము నొప్పి, ఒకరికి పిల్లల పరీక్షలు, ఒకరికి కళ్లకు పడదు. ఆమెను పంపారు. తిరిగి వచ్చి ఆమె ఆ యంత్రం చేత పని చేయిస్తుంటే, అదే మనుషులు ఆమెకు అదృష్టం కలిసొచ్చిందన్నారు. రెండువేల సంవత్సరం దాటేసరికి కంప్యూటరు విభాగం పేరున ఒక గది, ఆ గదిలో ఆమెకు ఒక కుర్చీ ఏర్పడ్డాయి.

రెండువేల ఐదులో ఆమె, వాల్వుల ఇంజనీరు గారు కలిసి నీటి వంతుల ప్రోగ్రామును రాశారు. ఆమె ఉద్యోగ జీవితమంతటికీ అదే ప్రధాన కృత్యం. ఆమె పతనానికీ అదే కారణం. అంతకు ముందు ఊరిలో వాల్వులు గొంతును బట్టి తిరిగేవి. ఎవరి గొంతు పెద్దదైతే వారి వీధికి నీళ్లు. ప్రోగ్రాము వచ్చాక ట్యాంకులో ఎంత నీరుందో చెబితే, అది ఎన్ని నిమిషాల సరఫరాకు వస్తుందో లెక్కగట్టి, వీధులన్నిటికీ సమానంగా పంచి, ఒక కాగితం మీద అచ్చు వేసేది. వాల్వు మనిషి ఆ కాగితం చేత్తో పట్టుకుని, ఎక్కడ ఎన్ని నిమిషాలో చూసి తిప్పేవాడు. అరిచేవాళ్లు అరిచారు. కాగితం అరవదు కనుక కొంతకాలానికి వాళ్లే ఊరుకున్నారు.

ఒక్క మెట్ల వీధితోనే చిక్కు. ఆ వీధి గుట్ట మీదికి ఎక్కుతుంది. అందరితో సమానంగా ఇచ్చిన నిమిషాలు గొట్టం నిండడానికే సరిపోతాయి. పైమెట్ల ఇళ్లకు గాలి తప్ప ఏమీ రాదు. వాళ్లకు నాలుగు నిమిషాలు ఎక్కువ రాద్దామంటే కింది వీధులవాళ్లు ఊరుకోరు.

ఇంజనీరు గారు కాసేపు పెన్సిలు చెవిలో తిప్పుకుని, "అమ్మాయ్, ఇన్ని నిమిషాల్ని ఇన్ని వీధులకు భాగిస్తే శేషం వస్తుందా?" అన్నారు.

"రోజూ వస్తుంది సార్. ప్రతి వాల్వు దగ్గరా కొంత."

"ఆ శేషం ఎవరిది?"

"ఎవరిదీ కాదు."

"ఎవరిదీ కానిది పైవాళ్లకి పోయేట్టు రాసెయ్. ఎవడి వాటాలోనూ గింజ తగ్గలేదు కాబట్టి అడిగేవాడు ఉండడు. కానీ ఆ సంగతి ప్రోగ్రాంలో ఎక్కడా మాటల్లో పెట్టకు. పెడితే ఏదో ఒక రోజు ఎవడో ఒకడు చదువుతాడు."

ఆమె అలాగే చేశారు. ప్రతి వాల్వు దగ్గరా మిగిలిన నిమిషాలు పోగై వంతు చివర మెట్ల వీధికి చేరేవి. ఆ మిగులే పైమెట్లకు నీళ్లు ఎక్కించేది. ఈ సంగతి తెలిసినవాళ్లు ఇద్దరే. నాలుగేళ్లకు ఇంజనీరు గారు కాలం చేశారు. తెలిసినవారు ఒక్కరయ్యారు.

ఇక్కడ కొంచెం కంప్యూటరు సంగతి చెప్పక తప్పదు. కుటుంబ సభ్యులు ఓపిక పట్టాలి. ఆ ప్రోగ్రాము పైథాన్ అనే భాషలో ఉంది. అందులో రాసినదానిని వరుసవెంట వరుస చదివి యంత్రం చేత చేయించేందుకు మధ్యలో ఒక దుబాసీ ఉంటుంది. దానిని ఇంటర్‌ప్రెటర్ అంటారు. ఈ దుబాసీకి రెండో వెర్షను పోయి మూడో వెర్షను వచ్చింది. పేరు ఒకటే. స్వభావం వేరు. పాతదానిని పదిహేడును ఐదుతో భాగించమంటే మూడని చెప్పి మిగతా రెండును పక్కన వదిలేస్తుంది. కొత్తది మూడు పాయింటు నాలుగని చుక్క పెట్టి ఏమీ మిగలకుండా పంచేస్తుంది. పాతదాని కోసం రాసినది కొత్తది చదివితే ఒక్కోసారి ఆగిపోతుంది, ఒక్కోసారి ఆగకుండా వేరే అర్థం చెబుతుంది. ఆగిపోయినదానిని బాగు చేయవచ్చు. ఆగనిదే ప్రమాదం.

కొత్తగా వచ్చే సాఫ్టువేర్లన్నీ మూడో వెర్షను కావాలనేవి. నీటి వంతులు రెండో వెర్షను మీదే నడిచేవి. ఆమె రెండింటినీ ఒకే యంత్రంలో పక్కపక్కన ఉంచి, ఏ ప్రోగ్రాముకు ఆ ప్రోగ్రామును విడి గదిలో పెట్టినట్టు పెట్టి, దానికి కావలసిన సరంజామా దాని గదిలోనే ఎక్కించి, ఒకరి సామాను ఒకరికి తగలకుండా కాపలా కాశారు. ఒక పొయ్యి మీద ఇద్దరు తోడికోడళ్లు వండితే ఏమవుతుందో తెలిసిన మనిషి కనుక పొయ్యిలు రెండు పెట్టారని అటెండరు అనేవాడు.

అప్పటి పెద్దసారుకు ఇది నచ్చలేదు. "ఒక ఒరలో రెండు కత్తులు ఇముడుతాయా మేడమ్?" అన్నారు ఒక సమావేశంలో, అందరి ముందు.

"ఇమడవు సార్. అందుకే రెండు ఒరలు చేయించాను."

గది నవ్వింది. సారు నవ్వలేదు. నవ్వనివాళ్లు మరిచిపోరు.

ఎవరు ఏ సాఫ్టువేరు తెచ్చి ఎక్కించమన్నా ఆమె మొదటి ప్రశ్న "ఏ వెర్షను?" అన్నదే. ఎక్కించాను కానీ యంత్రం లేదంటోందని ఎవరైనా మొహం వేలాడేసుకుని వస్తే, "ఏ పైథాన్‌కి ఎక్కించావు? చుట్టాన్ని ఒక ఇంట్లో దింపి అన్నం ఇంకో ఇంట్లో వడ్డిస్తే తింటాడా?" అనేవారు. దానితో ఆమెకు వెర్షనమ్మ అని పేరు పడింది. ఎదురుగా అక్కా, మేడమ్, చాటుగా వెర్షనమ్మ. విభాగంలో చక్కెర జబ్బు ఉన్నవాళ్లకు, లేనివాళ్లకు రెండు ఫ్లాస్కుల్లో టీ వచ్చేది. ఒకనాడు అటెండరు కప్పు పట్టుకుని ఆమె బల్ల దగ్గరికి వస్తే, ఆమె తెర మీద నుంచి కళ్లు తిప్పకుండా, "ఏ వెర్షను?" అన్నారు. అటెండరు కప్పును బల్ల మీద పెట్టి, "పాతదే అక్కా, చక్కెరున్నది. కొత్తది సార్లకి," అన్నాడు. ఆమె తల తిప్పి, తన మాట తనకే తిరిగొచ్చిందని అప్పుడు గ్రహించి, టీ ఒలికేంతగా నవ్వారు. ఆమె అలా నవ్వడం ఈ కార్యాలయం మళ్లీ చూడలేదు.

రెండువేల పదహారు ఏప్రిల్‌లో ఆమె అత్తగారికి కంటి శస్త్రచికిత్స జరిగింది. ఆమె సెలవు పెట్టారు. కొత్త సాఫ్టువేరు ఎక్కించడానికి ఒక కంపెనీ ఇంజనీరు అప్పుడే వచ్చాడు. అతను చెడ్డవాడు కాదు. మర్యాదస్థుడు, పని తెలిసినవాడు. యంత్రంలో రెండు వెర్షన్లు చూసి ఒకటి ఉంటే నిర్వహణ సులువన్నాడు. అది తప్పు మాట కాదు. పెద్దసారు, "కొత్త నీరొస్తే పాత నీరు పోవలసిందే. తీసేయండి," అన్నారు. మేడమ్ వచ్చాక తీద్దామా అని అతను అడిగాడు. "ఆవిడ వస్తే తియ్యనివ్వదు. అందుకే ఇప్పుడు తియ్యమంటున్నా," అన్నారు సారు. ఈ మాటను విన్నవాళ్లు ఆ గదిలో ముగ్గురు ఉన్నారు. విచారణలో ముగ్గురికీ వినబడలేదు.

పాత దుబాసీని తీసేశారు. పాత ప్రోగ్రాములను కొత్తదానికి అనువుగా మార్చే సాధనం ఒకటి ఉంటుంది; నీటి వంతులను అందులో వేసి తీశారు. అది అచ్చు వేసే వరుసల వంటివన్నీ మార్చింది. భాగహారం రెండు వెర్షన్లలోనూ చూపుకు ఒకేలా ఉంటుంది కనుక దాని జోలికి పోలేదు. ప్రోగ్రాము నడిచింది. ఎర్రరు రాలేదు. అందరూ టీ తాగారు.

మర్నాటి కాగితం చూసి వాల్వు మనిషికి అనుమానం వచ్చింది. "సార్, ఇదేంటి, ముప్పై అయిదు పక్కన చుక్క పెట్టి ఏడంటోంది?"

"ఇదివరకు భిన్నాలు పోయేవి. ఇప్పుడు లెక్క ఇంకా ఖచ్చితంగా వస్తోంది," అన్నాడు కంపెనీ ఇంజనీరు.

ఖచ్చితంగానే వచ్చింది. కింది వీధులకు తలా అర నిమిషం పెరిగింది. అర నిమిషం ఎవరి బిందెలోనూ కనబడలేదు. మిగులు సున్నా అయింది. మెట్ల వీధి పైసగానికి ఎండాకాలం నడిమధ్యన నీళ్లు ఆగిపోయాయి. ఆడవాళ్లు గుట్ట దిగి కింది కొళాయిల దగ్గర అడుక్కుని, బిందెలు చంకనెత్తుకుని మెట్లెక్కారు. ఒక పెద్దావిడ నిండు బిందెతో సగం మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. మర్నాడు వీధి వీధంతా ఖాళీ బిందెలతో వచ్చి కార్యాలయం గేటు ముందు కూర్చుంది.

ఫోను చేసింది వాల్వు మనిషి. "అమ్మా, మెట్ల వీధికి నీళ్లెక్కట్లేదు. కాగితంలో చుక్కలొస్తున్నాయి."

చుక్క అన్న మాట వినగానే ఆమెకు అర్థమైంది. అత్తగారి కంటికి మందు చుక్కలు వేసి, సీసా మూత భర్త చేతిలో పెట్టి బయలుదేరారు. గేటు దగ్గర బిందెల మధ్య నుంచి దారి చేసుకుని పోతుంటే, "ఈవిడేనంట లెక్కలేసేది," అని ఒకామె వినబడేటట్టు అంది. ఆమె ఆగలేదు.

"ఎవరు తీశారు?" అన్నారు గదిలోకి వస్తూనే.

"పాత నీరు పోయింది మేడమ్," అన్నారు సారు, కొంచెం తడబడి.

"పోయింది సార్. కొత్తది ఇంకా రాలేదు. బయట బిందెలు చూశారా?"

కోపం వచ్చినప్పుడు ఆమె చేతులు నెమ్మదిస్తాయి. కొత్త దుబాసీని తీసేయలేదు. దాని మీద కొత్త పనులు నడుస్తున్నాయి, వాటి తప్పేమీ లేదు. తాను దాచుకున్న డిస్కులోంచి పాతదానిని తెచ్చి, వేరే ఫోల్డరులో, దేనినీ తాకకుండా ఎక్కించి, తన అసలు ప్రోగ్రామును దానికి మాత్రమే కట్టి నడిపారు. కంపెనీ ఇంజనీరు పక్కన నిలబడి చూసి, "ఇలా కూడా ఉంచొచ్చు కదా మేడమ్, నాకెవరూ చెప్పలేదు," అన్నాడు. "అడిగితే చెప్పేదాన్ని," అన్నారు ఆమె. కాగితం వచ్చింది. చుక్కలు లేవు. వాల్వు మనిషి దానిని తీసుకుని సైకిలెక్కాడు. సాయంత్రం వంతు చివర గుట్ట మీద నుంచి ఫోను చేశాడు. "ఎక్కాయమ్మా, ఎక్కాయి! పైమెట్టు మీద కొళాయి బుస కొట్టి పోస్తోంది, నేనే తడిసిపోయా."

ఆమె ఫోను పెట్టి, అప్పటిదాకా తాగని మంచినీళ్లు తాగారు.

కథ ఇక్కడ ముగిస్తే అభినందన వ్యాసం అందంగా ఉంటుంది. కానీ పెద్దావిడ తుంటి విరిగింది, పత్రికలో వచ్చింది, విచారణ పడింది. సమావేశపు గదిలో ఒక వైపు పెద్దసారు, విచారణాధికారి; ఒక వైపు వీధుల ప్రతినిధులు. కింది వీధుల సంఘం అధ్యక్షుడు, బట్టల కొట్టు యజమాని, ముందు వరుసలోనే కూర్చున్నాడు.

తన వంతు వచ్చినప్పుడు ఆమె, ప్రోగ్రాము లెక్క సరైనదేనని, తనకు చెప్పకుండా పాత ఇంటర్‌ప్రెటర్‌ను తీసేయడమే కారణమని చెప్పారు.

"కొత్తది గణితం ప్రకారం సరిగ్గానే భాగిస్తోందట కదా?" అన్నారు విచారణాధికారి. "పాతదే భిన్నాలు వదిలేస్తోంది. మరి తప్పు ఎందులో ఉన్నట్టు?"

ఆమె ముందున్న కాగితాన్ని తిరగేసి పెట్టారు.

బట్టల కొట్టు యజమాని ముందుకు వంగాడు. "అది కాదమ్మా, నా సందేహం ఒకటి. మా వీధులన్నిటికీ రోజూ వచ్చినట్టే వచ్చాయి. పైవాళ్లకే ఎందుకు ఆగాయి? వాళ్లకి విడిగా ఏమైనా పోస్తున్నారా ఏంటి?"

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అవునంటే తన లెక్క నిలుస్తుంది. మర్నాడే ఆ మిగులులో మా వాటా ఏదని కింది వీధులు అర్జీ పెడతాయి, మెట్ల వీధి కొళాయిలు శాశ్వతంగా ఎండుతాయి. కాదంటే తన లెక్క పోతుంది. సాక్ష్యం చెప్పగల వాల్వుల ఇంజనీరు గారు లేరు. ఆమె బట్టల కొట్టు యజమాని చొక్కా జేబులోని పెన్ను వైపు కాసేపు చూశారు.

"లేదండీ. విడిగా ఏమీ లేదు," అన్నారు.

"అయితే మరి లెక్కలోనే లోపం," అన్నారు పెద్దసారు, ఊపిరి వదిలి.

మెమో వచ్చింది. "భిన్నాలను విస్మరించు తప్పు లెక్కను రచించినందువల్ల" అన్నది అందులో వాక్యం. ఆమెను వరండా దాటించి తపాలు బల్ల దగ్గర కూర్చోబెట్టారు. పెద్దసారు మరుసటి ఏడాది పదోన్నతి మీద వెళ్లారు. అప్పటి వీడ్కోలు సంచిక తిరగేసినవారికి ఆయన దూరదృష్టి గురించి నాలుగు వ్యాసాలు దొరుకుతాయి. తప్పు లెక్క అని మెమో ఇచ్చిన ఈ కార్యాలయం, ఆ తప్పు లెక్కతోనే, ఆమె పక్కన ఎక్కించి పెట్టిన ఆ పాత దుబాసీతోనే, ఎనిమిదేళ్లు ఊరంతటికీ నీళ్లు ఇచ్చింది. తీసేయమని ఎవరూ అనలేదు. దాని జోలికి పోవద్దని మాత్రం యంత్రం మీద కాగితం అంటించారు.

మెమో అందిన సాయంత్రం ఇంట్లో ఆమె ఎవరికీ చెప్పలేదు. భర్త వెల్డింగు షాపు మూసి వచ్చి, మొహం చూసి అడిగారు.

"ఏమన్నారు?"

"లెక్క తప్పన్నారు."

"నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదు."

"ఇంట్లో నాకొక్క మాట మిగలనివ్వవు. అక్కడ నోరు పడిపోయిందా?"

"మాట్లాడితే గుట్ట మీదికి నీళ్లు పోవు."

ఆయన కాసేపు గడప మీద కూర్చుని, "అయితే లేచి అన్నం తిను," అన్నారు. రెండో కంటికి కూడా శస్త్రచికిత్స అయి కట్టుతో మంచం మీద ఉన్న అత్తగారు, "ఒరేయ్, దాన్ని ఏడవద్దను," అన్నారు.

"ఏడవట్లేదు అత్తయ్యా, ఉల్లిపాయలు."

"ఉల్లిపాయలు బుట్టలోనే ఉన్నాయి. ఒంటి కన్నుతో కూడా అంత మాత్రం కనిపిస్తుందే."

తపాలు బల్ల దగ్గర ఆమె ఎనిమిదేళ్లకు పైగా కవర్ల మీద ముద్రలు వేశారు. నలిగిన చిరునామాలు చదవడంలో ఆమెను మించినవారు లేరని అందరూ మెచ్చుకున్నారు. గుర్రాన్ని గానుగకు కట్టి, ఎంత చక్కగా తిరుగుతోందని మెచ్చుకోవడం మనకు చేతనైన పనే. కంప్యూటరు గదిలో ఎవరికైనా వెర్షన్ల మధ్య ముడి పడితే, వరండా దాటి వచ్చి, "అక్కా, ఒక్కసారి," అనేవాళ్లు. ఆమె వెళ్లేవారు. కుర్చీ జరిపి కూర్చోమంటే కూర్చునేవారు కాదు. నిలబడి, ఏది ఎక్కడ ఎక్కించాలో చెప్పి, విప్పించి, తిరిగి వచ్చేవారు. ఆ విప్పిన పనులకు ప్రశంసాపత్రాలు కుర్చీలో కూర్చున్నవారికి వచ్చాయి. పుచ్చుకున్నవారిలో కొందరు ఈ సంచికలో ఆమెను అమ్మ వంటిదని రాశారు.

నిరుడు గుట్ట మీద కొత్త ట్యాంకు కట్టారు. మెట్ల వీధికి ఇప్పుడు నీళ్లు పైనుంచి కిందికి వస్తాయి. ఎవరి మిగులూ అక్కరలేదు. దాచవలసింది ఏదీ లేకపోయిన ఆ రోజున ఆమె ఇప్పటి సారు గదిలోకి వెళ్లి, శేషం సంగతి మొదటి నుంచి చివరి దాకా చెప్పారు.

"ఆ మెమోలో ఒక్క వాక్యం మార్చండి సార్."

"బాగుందమ్మా, గొప్ప పని చేశారు. కానీ ఫైలు ఎప్పుడో మూసేశారు కదా. ఇప్పుడు తిరగదోడితే పైవాళ్లకి సంజాయిషీ చెప్పాలి. ఏడాది తిరక్కుండా హాయిగా ఇంట్లో కూర్చుంటారు, ఎందుకివన్నీ?"

"నా తప్పు లేదని రాయమనట్లేదు. మిగులు సంగతి ప్రోగ్రాంలో ఒక్క ముక్క రాసి పెట్టలేదు. అది నా తప్పే. రాసి ఉంటే ఆ కంపెనీ అబ్బాయి చూసేవాడు, ఆ పెద్దావిడ పడేది కాదు. దానికి మెమో ఇవ్వండి, సంతకం పెట్టి తీసుకుంటాను. లెక్క తప్పని మాత్రం ఉండకూడదు."

"రిటైరయ్యే మనిషికి కొత్త మెమో ఇస్తారా ఎవరైనా? మీరు భలేవారే," అని నవ్వారు సారు. "బహుమతి ఏం కావాలో అది చెప్పండి. స్టాఫంతా గోడ గడియారం అనుకుంటున్నారు."

"గడియారం ఎందుకు సార్? ఈ ఊళ్లో నేను పంచినన్ని నిమిషాలు ఎవరూ పంచలేదు."

రాయకపోవడం ఆమె తప్పు. అది ఆమె ఒప్పుకున్నారు; ఈ వ్యాసమూ ఒప్పుకుంటుంది. అభినందన సంచికలో ఇది రాయదగిన మాట కాదని కొందరికి తోచవచ్చు. తుంటి విరిగిన పెద్దావిడ మళ్లీ మెట్లు దిగలేదు, ఆ వేసవి దాటలేదు. ఆమె ఇంటికి మన కార్యాలయం నుంచి వెళ్లింది ఒక్కరే. తపాలు బల్ల మనిషి. బట్టల కొట్టు యజమానికి ఈ మధ్య సంగతి తెలిసి, "ముందే చెప్పుంటే మేమే ఒప్పుకునేవాళ్లం కదమ్మా, మేమేమైనా రాక్షసులమా?" అన్నాడట. ఒప్పుకునేవాడు కాదు. బిందె నిండినవాడు ఎప్పుడూ ఉదారుడే.

ఆమె కోరినది ఒక్క వాక్యం. ఈ కార్యాలయానికి కాగితం కొరత లేదు, సిరా కొరత లేదు, వాక్యాలు రాసే జీతగాళ్ల కొరత అసలే లేదు. అయినా పదవీ విరమణ తేదీ వచ్చేసింది, ఆ వాక్యం రాలేదు. ఫైలు మూసి ఉంది. అయితే ఈ సంచిక కార్యాలయం ఖర్చుతో, కార్యాలయం పేరుతో, మొదటి పేజీలో ఇప్పటి సారు సందేశంతో, కార్యాలయం ముద్రతో వెలువడుతోంది. ఇందులో అచ్చయినది కార్యాలయం అచ్చు వేసినదే అవుతుంది. కనుక ఆమె కుటుంబ సభ్యులు, సహోద్యోగులు, మెట్ల వీధివారు, బట్టల కొట్టువారు అందరూ చదువుకునేటట్టు ఇక్కడ రాయడమైనది: రెండువేల ఐదులో మన సహోద్యోగిని రచించిన నీటి వంతుల లెక్క తప్పు కాదు. అది ఎలా భాగించాలో అలాగే భాగించింది. ఎవరికి మిగల్చాలో వారికే మిగిల్చింది.

ఇక శుభాకాంక్షలు. ఈ మాటను ఫైలులో కూడా రాసుకునే రోజు వరకు ఆమె జీవించాలని కోరుకుంటే, ఈ కార్యాలయం నడక తెలిసినవారికి అది దీవెనగా కాక శిక్షగా తోస్తుంది. అందువల్ల మామూలుగా నూరేళ్లే చాలు. ఆ నూరేళ్లూ ఆమె కళ్లు తేటగా, మోకాళ్లు నొప్పి లేకుండా, నోరు ఇప్పుడున్నంత పదునుగా ఉండాలని, భర్తతోనూ బిడ్డలతోనూ ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలని, ఎవరు ఎంత తియ్యగా పిలిచినా ఇక ఈ గేటు లోపలికి రాకూడదని మనసారా ఆకాంక్షిస్తున్నాం.